ప్రక్క సీటు హక్కు

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల నుంచి ఉమ్రాకు బయలుదేరిన ఒక బృందంలో మేమూ ఉన్నాము. మదీనా నుంచి మక్కాకు సుమారు 450 కిలోమీటర్లు. ఈ రెండు పవిత్ర నగరాల మధ్య 2018లో వేగవంతమైన రైలు మొదలైంది. అయినా మా బృందానికి బస్సే ఏర్పాటు చేశారు. జుల్ హులైఫాలో ఇహ్రామ్ సంకల్పం చేసుకొని, లబ్బైక్ పలుకుతూ ఇషా తరువాత బస్సెక్కాము. కాబా గృహాన్ని చూడబోతున్నామన్న ఆనందం అందరి ముఖాల్లోనూ కనిపించింది.

గంట గడిచేసరికి అసలు ప్రయాణం మొదలైంది. ఒంటి మీద రెండే వస్త్రాలున్న మగవారిని ఏ.సి. చలి వణికిస్తోంది. సీట్లు ఇరుకు. సామాను నడిచే దారిలోకి వచ్చేసింది. బస్సు ఎప్పుడు ఆగుతుందో చెప్పే నాథుడు లేడు. షుగర్ వ్యాధి ఉన్నవారు మూత్రానికి ఆపమని అడగలేక, ఆపుకోలేక అవస్థ పడుతున్నారు. వెనుక ఎవరో ఇద్దరు సీటు కోసం వాదించుకుంటుంటే, మేము ముందు సీట్లో నుంచే "సబర్ చేయండి భాయ్, కష్టానికి తగ్గ పుణ్యం ఉంటుంది" అని హితబోధ చేశాము. తరువాత మా సీటును వెనక్కి వాల్చుకొని, జిక్ర్ చేసుకుంటూ కళ్ళు మూసుకున్నాము.

చాలాసేపటికి వెనుక నుంచి సన్నని మూలుగు వినిపించింది. తిరిగి చూస్తే, మేము వాల్చిన సీటు ఒక వృద్ధురాలి మోకాళ్ళను నొక్కేస్తోంది. అసలే కీళ్ళ నొప్పులున్న మనిషి. "ముందే చెప్పకపోయారా ఖాలా!" అంటే, "నిద్రపోతున్నారు కదా, లేపడం ఎందుకులే అని ఊరుకున్నాను నాయనా" అన్నదామె.

ఆ రాత్రి సహనం వహించిందెవరు? సహనం గురించి బోధించిన మేమా? నోరు మెదపని ఆ తల్లా?

ఇక్కడ మనం ఒక విషయం ఆలోచించాలి. కష్టపడటం దానంతట అదే పుణ్యకార్యమా? బస్సు పైన కట్టిన మూట కూడా రాత్రంతా ఎండుగాలిని, కుదుపులను భరిస్తుంది. దానికి పుణ్యమేమైనా దక్కుతుందా? ప్రయాణం ఒక యాతన అనీ, అది మనిషికి అన్నపానీయాలను, నిద్రను దూరం చేస్తుందనీ, పని పూర్తికాగానే త్వరగా ఇంటికి చేరుకోవాలనీ దైవప్రవక్త (స) బోధించారు. ఇద్దరు కొడుకుల భుజాల మీద వాలి కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్న ఒక వృద్ధుణ్ణి ఆయన (స) చూశారు. కాలినడకన వెళతానని మొక్కుకున్నాడని తెలిసి, ఇతను తనను తాను బాధించుకోవడం అల్లాహ్‌కు అవసరం లేదని చెప్పి, వాహనమెక్కమని ఆదేశించారు. ప్రయాణికునికి నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండు రకాతులైంది. రమజాన్ ఉపవాసాలను తరువాత పూర్తి చేసుకునే అనుమతి లభించింది. కష్టమే ధ్యేయమైతే ఈ సౌలభ్యాలు ఎందుకు?

మా బస్సులోనే మరో పెద్దాయన చలికి గజగజ వణుకుతున్నారు. ఒళ్ళో దుప్పటి ఉంది గానీ కప్పుకోవడం లేదు. కప్పుకుంటే ఇహ్రామ్ భంగమవుతుందని ఆయన భయం. "చాచా, ఇది కుట్టిన బట్ట కాదు. తల మీదికి రాకుండా భుజాల చుట్టూ కప్పుకోవచ్చు" అని ఒక యువకుడు చెప్పి, తనే కప్పాడు. ధర్మం విధించని బాధను ఆయన తెలియక మోశారు. దాన్ని తొలగించిన ఆ కుర్రవాడు, ఇన్షా అల్లాహ్, పుణ్యం సంపాదించుకున్నాడు.

అలాగే, అలసిపోయామని చెప్పడం సహనానికి విరుద్ధం కాదు. ప్రయాణంలో బాగా అలసిపోయామని హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన సేవకునితో చెప్పి భోజనం తెమ్మన్న సంగతి కహఫ్ సూరాలో ఉంది. డబ్బు తీసుకొని చేసిన వాగ్దానాన్ని నిలబెట్టుకోమని నిర్వాహకులను మర్యాదగా అడగడం కూడా తప్పు కాదు. తన లోపాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఎదుటివారికి సబర్‌ను బోధించడమే తప్పు. సబర్ మనం మన మనసుకు చెప్పుకోవలసిన మాట. ఇతరుల బాధ దగ్గరకు వచ్చేసరికి మన బాధ్యత సబర్ చెప్పడం కాదు, సాయం చేయడం.

దివ్యఖుర్ఆన్ నిసా సూరా 36వ ఆయత్‌లో తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, పొరుగువారి సరసన మన ప్రక్కనుండే సహచరుణ్ణి కూడా అల్లాహ్ పేర్కొన్నాడు. ప్రయాణంలో ప్రక్కన కూర్చున్న వ్యక్తి కూడా ఈ కోవలోకి వస్తాడని వ్యాఖ్యాతలు వివరించారు. అంటే కొన్ని గంటల పరిచయానికి కూడా హక్కులున్నాయన్నమాట! తమ అవసరానికి మించి వాహనం ఉన్నవారు లేనివారికి ఇవ్వాలని దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో ఆదేశించారు. మన దగ్గర అదనపు వాహనం లేకపోవచ్చు. కుదుపు తక్కువగా ఉండే సీటు ఉంది కదా!

కొల్లేటి లంక గ్రామాల వారికి తాటి దోనె సంగతి తెలుసు. అందులో ఒకడు తన సుఖం చూసుకొని ఒక ప్రక్కకు ఒరిగితే, దోనె అందరితో సహా ఒరుగుతుంది. ఓడ అడుగు అంతస్తులోని వారు నీళ్ళ కోసం తమ భాగంలో రంధ్రం చేయబోతే, పైవారు వారించకుంటే అందరూ మునుగుతారని దైవప్రవక్త (స) ఇచ్చిన ఉపమానం మనకు గుర్తుండే ఉంటుంది. 'నా సీటు, నా ఇష్టం' అనే మాట ఒకే వాహనంలో ఉన్నవారి మధ్య చెల్లదు.

ఇది ఉమ్రా ప్రయాణానికే పరిమితమైన విషయం కాదు. తాడేపల్లిగూడెం నుంచి హైదరాబాదుకు రాత్రి బస్సులో వెళ్ళినా ఇదే ధర్మం. ప్రక్కవారు ఏ మతస్థులైనా ఇదే ధర్మం. సీటు వాల్చేముందు వెనక్కి చూసి అడగండి. ఫోన్ శబ్దం తగ్గించండి. చంటిబిడ్డ తల్లికి, వృద్ధులకు ముందువైపు చోటివ్వండి. ఆపమని అడగడానికి సిగ్గుపడేవారి తరఫున మీరు అడగండి.

ప్రయాణికుని దుఆ, అన్యాయానికి గురైనవారి దుఆ అల్లాహ్ సన్నిధిలో తిరస్కరించబడవని హదీసు ద్వారా తెలుస్తోంది. ఆ రాత్రి మా వెనుక కూర్చున్న ఆ తల్లి ప్రయాణికురాలు, మా చేతిలో బాధకు గురైన మనిషి కూడా. ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. సీటు నిటారుగా చేసి క్షమించమని అడిగాము. ఆమె నవ్వి, "అల్లాహ్ మీ ఉమ్రాను స్వీకరించుగాక!" అని దీవించింది.

అల్లాహ్ మన కష్టంలో మనకు సహనాన్ని, ఇతరుల కష్టాన్ని చూసే కళ్ళను ప్రసాదించుగాక! ఆమీన్.