తోడు లేనివాని తోడు

మానవుని ధైర్యము పదిమందిలో నున్నప్పటికంటె నొంటరిగా నున్నప్పుడే పరీక్షకు వచ్చునని పెద్దలు చెప్పుదురు. ఆ పరీక్షలో నొక వింత కలదు. మిక్కిలి యొంటరియై, మిక్కిలి యలసియున్నవానికి దన ప్రక్క మరియొకడు నడచుచున్నట్లు తోచుట కొందఱి యనుభవము. ఆ తోడును భ్రాంతియని త్రోసివేయవలెనా, దైవమని మ్రొక్కవలెనా, లేక దానివలన మనము నేర్చుకొనదగినది వేఱొకటి కలదా యని యిందు విచారింపబూనితిమి.

1933 వ సంవత్సరము జూను 1 వ తేదీని ఫ్రాంక్ స్మైత్ అను నాంగ్లేయుడు ఎవరెస్టు శిఖరము నెక్కుచుండెను. వెంట బయలుదేరిన ఎరిక్ షిప్టన్ ఒడలు స్వాధీనము గాక కొంతదూరముననే గుడారమునకు మరలిపోయెను. స్మైత్ ఒక్కడే ముందునకు సాగెను. ప్రాణవాయువు బుడ్లు వెంట లేవు. 28,000 అడుగులు దాటిన పిదప మెత్తని మంచు కప్పిన పలకరాళ్లపై నింక నడువ శక్యముకాదని గ్రహించి వెనుదిరిగెను. ఆ యొంటరి నడకలో దనవెంట నెవడో యున్నట్లే యాతనికి దోచుచుండెను. తామిరువురును నొకే త్రాట గట్టబడియున్నట్లును, తాను జారినచో నతడు పట్టుకొనునన్నట్లును ధైర్యము కలిగెను. ఒకచోట నిలిచి, తెచ్చుకొన్న పుదీనా మిఠాయిని దీసి, రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను దోడివాని కిచ్చుటకై ప్రక్కకు దిరిగెను. అచట నెవ్వరును లేరు.

ఇది యొక్కని యనుభవమే కాదు. 1916 మే నెలలో షాకిల్టన్, వర్స్లీ, క్రీన్ అను మువ్వురు, తమ యోడ మంచులో నలిగి మునిగిపోగా, దూరదీవిలో జిక్కుకొన్న తోడివారికి సాయము దెచ్చుటకై, దక్షిణ జార్జియా పర్వతములను దాదాపు నిద్రలేకయే 36 గంటలు నడచి దాటిరి. తాము మువ్వురము గాము, నలుగురమని తనకు బలుమారు తోచినదని షాకిల్టన్ వ్రాసెను. తక్కిన యిరువురును దమకు నట్లే తోచినదని పిమ్మట నొప్పుకొనిరి. 1953 లో నంగపర్వత శిఖరమును మొట్టమొదట నెక్కిన హెర్మన్ బూల్, దిగుదారిలో రాత్రియంతయు నొక యిఱుకు రాతిపై నిలుచుండి గడపి, మఱునాడు లేని తోడివానితో మాటలాడెను.

ఇట్టివి వినినంతనే భక్తులు దేవుడే వచ్చెనందురు. హేతువాదులు మతిభ్రమ యని నవ్వుదురు. ఇరువురును తొందరపడుచున్నారని మా యభిప్రాయము.

కారణములు లేకపోలేదు. ఎవరెస్టు పైభాగమున ప్రాణవాయువు సముద్రతీరమున దొరకుదానిలో సుమారు మూడవవంతే. కాని దక్షిణ జార్జియాలో షాకిల్టన్ నడచిన కొండలు అంత యెత్తైనవి కావు గనుక గాలి పలుచనగుట యొక్కటియే కారణము గాదు. అలసట, నిద్రలేమి, కనుచూపుమేర మార్పులేని తెలుపు, ప్రాణభయము, ఇవి యన్నియు గలసి పనిచేయును గాబోలు. 2006 లో స్విట్జర్లండు వైద్యులు మూర్ఛవ్యాధిగల యొక యువతి మెదడును శస్త్రచికిత్సకు ముందు పరీక్షించుచు, ఎడమప్రక్క నొక తావున స్వల్పముగా విద్యుత్తును బ్రసరింపజేసిరి. వెంటనే యామెకు దన వెనుక నెవరో యున్నట్లు తోచెను. ఆమె పండుకొనినచో నా వ్యక్తియు బండుకొనెను. కూర్చుండినచో దానును గూర్చుండెను. తన దేహమును గూర్చి మెదడునకుగల యెఱుకయే చెదరి, రెండవ మనిషిగా దోచునని తలచుటకు దీనివలన బలమైన యాధారము దొరకినది.

ఇంతటితో హేతువాది గ్రంథము మూసివేయును. మేము మూయజాలము. దీపము నూనెవలన వెలుగుచున్నదని తెలిసినంతమాత్రమున నా వెలుగున మనకు గనబడిన దేమో విచారింప నక్కఱలేదా? కారణము తెలియుట యొకటి; విలువ తెలియుట మఱియొకటి.

లేనివానివలన గలిగిన ధైర్యము అసత్యపు ధైర్యము గాదా యని కొందఱడుగుదురు. అసత్యము మన వివేకమును అపహరించినప్పుడే హానికరమగును. ఆ దినముననే స్మైత్ ఆకాశమున రెండు నల్లని యాకారములు వ్రేలాడుచుండుట చూచెను. చూచి నమ్మి యూరకుండలేదు. చూపు మరల్చి, చుట్టునున్న శిఖరములను బేరుపేరున జెప్పుకొని, తన బుద్ధి సరిగా బనిచేయుచున్నదో లేదో పరీక్షించుకొని మరల జూచెను. తోడివాడున్నాడను ధైర్యముచేత నతడు కాలు చూచుకొనకుండ నడువలేదు. వెనుకకు మరలవలసినచోట మరలకుండ నుండలేదు. నడక యాతనిదే, నిర్ణయము నాతనిదే. ఇట్టి యూరటను దృణీకరింపదగదు. మనస్సున మెదలినది ప్రాణభయము గలిగించినను, కీడు చేయుమని ప్రేరేపించినను వైద్యుని జూడవలసినదే. ఆ విషయమున మాకు సందేహము లేదు.

మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది వేఱు. చావు దగ్గఱనున్నచోట దోడు దొరకెనని తోచినవాడు, నన్ను రక్షింపుమని చేయి చాపవలసినది. స్మైత్ చేయి యడుగుటకు జాపబడలేదు, పెట్టుటకు జాపబడినది. ఈ యలవాటు 28,000 అడుగుల యెత్తున బుట్టినది గాదు. ఉన్నదానిలో సగము ప్రక్కవానికి బెట్టి తినవలెనని చిన్ననాట నింటిలో నేర్చినది, బుద్ధి మసకబాఱినను చేతిని విడువలేదని మా తలంపు. లేని తోడును గల్పించినది మెదడు కావచ్చును. ఆ తోడునెడల నెట్లు మెలగవలెనో నేర్పినవారు నిజమైన తోడివారే.

మనలో బెక్కుమందికి హిమాలయము లెక్కు నవసరము గలుగదు. కాని యంత యొంటరితనము మన యిండ్లలోనే యున్నది. 1971 లో వేల్సుదేశపు వైద్యుడు డ్యూయీ రీస్, భర్తలను గాని భార్యలను గాని గోల్పోయిన 293 మందిని విచారించి తెలిసికొనినవి ప్రకటించెను. వారిలో దాదాపు సగముమందికి, గతించినవారు దగ్గఱ నున్నట్లు తోచెను. పెక్కుమందికి దానివలన నూరటయే కలిగెను. అయినను అట్లు తోచినవారిలో నూటికి డెబ్బదిమందికి పైగా నా సంగతి యంతకుముందెవ్వరికిని జెప్పుకొనలేదు.

వారేల చెప్పలేదో మన యిండ్లు చూచినచో దెలియును. ముసలితల్లి యొకతె, ‘రాత్రి మీ నాన్నగారు పడకకుర్చీలో గూర్చున్నట్లే యున్నదిరా’ యన్నదనుకొందము. ఒక యింట భూతవైద్యుని బిలిపింతురు. చదువుకొన్న యింట, ‘అమ్మకు మతి చలించుచున్న’దని చెవులు గొఱుకుకొందురు. ఆమె మరునాటినుండి నోరెత్తదు. 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆనాటినుండి వితంతువుల హక్కులను గూర్చి మనము చాల మాటలాడితిమి. వితంతువుల మాట వినుట మాత్రము మనకింకను జక్కగా నలవడలేదు.

వినుట కష్టమైన సంస్కారము గాదు. ఆమె దయ్యమును జూచినదని మనము నమ్మనక్కఱలేదు. నమ్మినట్లు నటింపను నక్కఱలేదు. ‘నాన్నగారు ఏ బట్టలలో నున్నారమ్మా? ఏమనిపించినది?’ యని యడిగి, ఆమె చెప్పునంతసేపు ప్రక్కను గూర్చున్న జాలును.

గుడారము కనుపించినంతనే స్మైత్ వెంటనున్న తోడు మాయమయ్యెను. షిప్టన్ కొలది గజముల దూరముననే యున్నను, ఆ క్షణమున దానొంటరి నైతినని యాతనికి దోచెనట. మనుష్యుడు సమీపమున నున్నంతమాత్రమున దోడు గాడని దీనివలన దెలియుచున్నది. ఒకే కప్పు క్రింద నున్న మనము మన ముసలివారికి దోడుగా నున్నామా, కొలది గజముల దూరమున నున్నామా? ఈ రాత్రి భోజనమైన పిదప వారి గదిలోనికి బోయి కాసేపు కూర్చున్నవారికే యీ ప్రశ్నకు బ్రత్యుత్తరము దొరకును.