స్తంభముపై సర్పము: ఛాయయు, నిజస్వరూపమును

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 21:4–9, 2 రాజులు 18:4, 20:1–7, యోహాను 3:14–15



ఒక వర్షకాలపు ఆదివారమున మేము అరణ్యములోని ఇత్తడి సర్పమునుగూర్చి ప్రసంగించితిమి. నాడు సర్పమును చూచినవాడు బ్రతికెను గనుక నేడు సిలువవైపు చూచువాడును బ్రతుకునని బల్ల గుద్ది చెప్పితిమి. ఆ వారములోనే మా సంఘస్థుడైన యొక రైతు కుమారుని, పొలము గట్టున గడ్డి కోయుచుండగా, రక్తపింజర కరచెను. తండ్రి పిల్లవానిని గుడికి మోసికొని వచ్చి, గోడకున్న సిలువ యెదుట పరుండబెట్టి, కన్నులు తెరచి చూడుమని బ్రతిమాలుచు రెండు గంటలు మోకరించెను. మేము ఊరిలో లేము. చివరకు ఇరుగుపొరుగువారు పిల్లవానిని ఆటోలో వేసి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చిరి. విరుగుడు సూదిమందువలన ప్రాణము దక్కెను గాని, కాలి వ్రేళ్లు రెండు తీసివేయవలసి వచ్చెను.

మేము చూడబోయినప్పుడు ఆ తండ్రి కోపపడలేదు. “అయ్యగారూ, చూచినవాడు బ్రతికెనని తమరే గదా చెప్పినారు. మావాడు చూచినాడండి. మా విశ్వాసములో ఏమైనా లోపమున్నదా?” అని మాత్రమే అడిగెను.

లోపము అతని విశ్వాసములో లేదు. మా బోధలో ఉన్నది. దానిని ఒప్పుకొనుటకును, లేఖనములను లేఖనములతో జతపరచి చదువునప్పుడు మనమెంత జాగ్రత్త వహింపవలెనో ఆలోచించుటకును ఈ మాటలు వ్రాయుచున్నాము.

పాత నిబంధనలోని సంగతులు క్రీస్తునకు ముంగుర్తులని చెప్పుట తప్పా? కాదు. ఆ విధముగా చదువుట మనకు నేర్పినవాడు ప్రభువే. ఎమ్మాయు త్రోవలో ఆయన మోషే మొదలుకొని ప్రవక్తలందరి గ్రంథములలో తన్నుగూర్చిన సంగతులు ఇద్దరు శిష్యులకు తెలియజెప్పెను. యోనా చేప కడుపులో ఉండిన మూడు దినములను తన సమాధితో పోల్చెను. అపొస్తలుడైన పౌలు ఆదామును రాబోవువానికి గురుతుగా చూపెను. ధర్మశాస్త్రము రాబోవు మేలుల ఛాయయని హెబ్రీ పత్రిక చెప్పుచున్నది. ఇత్తడి సర్పమును సిలువతో జతపరచినదియు మేము కాదు. రాత్రివేళ నీకొదేముతో మాటలాడుచు ప్రభువే జతపరచెను. అట్లయిన మేమెక్కడ తప్పితిమి?

మొదట, అరణ్యములో జరిగినది సరిగా చూడలేదు. ఏదోము దేశమును చుట్టి పోవు త్రోవలో జనులు విసికి, దేవునికిని మోషేకును విరోధముగా మాటలాడిరి. తాపకరమైన సర్పములు కరచి అనేకులు చనిపోయిరి. జనులు తమ పాపమొప్పుకొని, సర్పములను తొలగించుమని ప్రార్థించుడని మోషేను వేడుకొనిరి. దేవుడిచ్చిన జవాబు గమనించుడి. సర్పములు తొలగిపోవునని ఆయన చెప్పలేదు. కరవబడినవాడు బ్రతుకుటకు మార్గమును చూపెను. ఆ వాగ్దానము ఆ జనులకు, ఆ చోట, ఆ దినములలో ఇయ్యబడినది. పాము కరచిన ప్రతివాడును ఎల్లకాలమందు చూపుతోనే బ్రతుకునని దేవుడు ఎచ్చటను సెలవియ్యలేదు.

రెండవది, ప్రభువు జతపరచినదేదో, జతపరచనిదేదో మేము వేరుచేసి చెప్పలేదు. సర్పము ఎత్తబడినట్లు మనుష్యకుమారుడును ఎత్తబడవలెననియు, నమ్మినవానికి నిత్యజీవము కలుగుననియు ఆయన చెప్పెను. అరణ్యములోని చూపు శరీరమునకు కొన్ని యేండ్ల బ్రతుకునిచ్చెను. వారు తరువాత ఒక దినమున చనిపోయినవారే. సిలువయందలి విశ్వాసము పాపమను కాటునకు విరుగుడు. మేము రెండు వాగ్దానములను ఒకటిగా కలిపి, దేవుడు పలుకని మాటను ఆయన పేరట పలికినవారమైతిమి. ఛాయను చూపి నిజస్వరూపమునొద్దకు నడిపించుటకు మారుగా, ఛాయలోనే పిల్లవానిని పరుండబెట్టితిమి.

ఇట్టి పొరపాటు క్రొత్తది కాదు. ఇశ్రాయేలీయులు ఆ ఇత్తడి సర్పమును దాచియుంచి, కొన్ని వందల యేండ్ల తరువాతను దానికి ధూపము వేయుచుండిరి. హిజ్కియా రాజు దానిని ముక్కలుగా పగులగొట్టించి, నెహుష్టాను అను పేరు పెట్టెను. వట్టి ఇత్తడి ముక్కయని దాని భావము. దేవుడు చేయించిన గురుతే గదా యని అతడు వెనుదీయలేదు. గురుతు తాను చూపవలసినవానికి అడ్డము నిలిచినప్పుడు దానిని తొలగించుటయే భక్తి.

సహోదరులారా, ఆ హిజ్కియాయే మరణకరమైన రోగముతో మంచము పట్టినప్పుడు ఏమి జరిగెనో రెండు అధ్యాయములు త్రిప్పి చూడుడి. అతడు గోడతట్టు ముఖము త్రిప్పుకొని కన్నీటితో ప్రార్థించెను. దేవుడు ఆ ప్రార్థన వినియున్నాడని, పదునైదు సంవత్సరముల ఆయుష్షు ఇచ్చునని యెషయా తెలిపెను. ఆ ప్రవక్తయే అంజూరపు పండ్ల ముద్దను తెప్పించి పుండుమీద వేయించెను. ప్రార్థన ఉన్నది, వాగ్దానము ఉన్నది, మందును ఉన్నది. అవి ఒకదానితో నొకటి పోరాడలేదు. ఇత్తడి సర్పముతోపాటు ఈ మాటయు ఆ ఆదివారము చెప్పియున్నయెడల, ఆ తండ్రి రెండు గంటలు పోగొట్టుకొనక ఆటోలోనే ప్రార్థన చేసికొనియుండును.

జతపరచుటలో మితిమీరినవారు తొలి సంఘములోను ఉండిరి. క్రొత్త నిబంధనలో చేరని బర్నబా పత్రిక అను పురాతన గ్రంథము, అబ్రాహాము ఇంటనున్న 318 మంది పనివారి సంఖ్యలో యేసు నామమును, సిలువను కనుగొన్నది. గ్రీకు అక్షరములకున్న లెక్కనుబట్టి 18 యేసు పేరులోని మొదటి రెండక్షరములనియు, 300 సిలువ ఆకారముగల అక్షరమనియు దాని వాదము. కాని ఆదికాండము హెబ్రీ భాషలో వ్రాయబడినది గదా! వినుటకు వింతగానున్నను, అబ్రాహాము తన సహోదరుని కుమారుడైన లోతును విడిపింప వెళ్లిన సంగతి ఆ లెక్కలో మరుగైపోవుచున్నది.

కాబట్టి ఇకమీదట మేము మూడు ప్రశ్నలు వేసికొనక ముంగుర్తులను బోధింపబోము. మీరును వేసికొనుడి. ఈ సంగతి మొదట ఎవరికి జరిగెను, వారికి దేవుడేమి చెప్పెను? ఈ జతను లేఖనమే చూపుచున్నదా, లేక మన ఊహ అల్లుచున్నదా? దీనివలన క్రీస్తు మనకు స్పష్టముగా కనబడుచున్నాడా, లేక మన తెలివి కనబడుచున్నదా? మూడింటికిని మంచి జవాబు దొరికినయెడల ధైర్యముగా చెప్పుదము. దొరకనియెడల మౌనముగా నుండుదము. వినువారు మన మాటను నమ్మి తమ బిడ్డలను దానిమీద ఉంచుదురు.

ఆ పిల్లవాడిప్పుడు కొంచెము కుంటుచు బడికి పోవుచున్నాడు. ఆదివారమున ముందు వరుసలో కూర్చుండును. మేము వాక్యము తెరచునప్పుడెల్ల ఆ పాదము మా కంట బడును. అది మాకు గద్దింపు. అతని తండ్రి మమ్మును క్షమించెను. ఆయన కుమారుడు ఇప్పటికిని సిలువవైపు చూచుచున్నాడు. పాము కాటునకు కాదు, పాపక్షమాపణకు. ఆ చూపు వ్యర్థము కానేరదు.

పొలములలో పాములున్నవి. కరచినయెడల క్షణమాలస్యము చేయక ఆసుపత్రికి పొండి. త్రోవ పొడుగునను ప్రార్థించుడి. లేఖనములను తెరచిన ప్రభువు మన మనోనేత్రములను తెరచునుగాక. ఆమేన్.