విన్నానన్న మాట

ఆదివారం మధ్యాహ్నం గుడి భోజనశాలలో పులిహోర, దద్ధ్యోజనం ముగించి చేతులు కడుగుకొన్న పెద్దలు నలుగురు ఒక బల్ల చుట్టూ చేరితే, పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, ఇండియా ప్రయాణాలు అయిపోయాక మాట తప్పక ఒక చోటికి వస్తుంది: "ఈమధ్య ఏం వింటున్నారండీ?" ఒకరు బాలకృష్ణప్రసాద్ గారి అన్నమయ్య సంకీర్తనల ఆల్బమ్ పేరు చెబుతారు. మరొకరు 1980లో వచ్చిన 'శంకరాభరణం' పాటలను మొదటి నుండి చివరి వరకు మళ్ళీ వరుసగా వింటున్నామంటారు. వేరొకరు కొడుకు పరిచయం చేసిన ఖవ్వాలీల గురించి చెబుతారు. ఫోన్లు బయటికి వస్తాయి. లింకులు అటూ ఇటూ వెళ్తాయి. "తప్పక వింటాను" అని అందరూ అంటారు. మరుసటి ఆదివారం "విన్నానండీ, అద్భుతం" అని కూడా అంటారు.

ఇది మంచి ఆచారమే. తనకు ఆనందమిచ్చిన దానిని మరొకరితో పంచుకోవాలన్న కోరిక మనిషిలోని ఉత్తమ గుణాలలో ఒకటి. అయితే ఆ "విన్నాను" అన్న మాట ఎన్నిసార్లు నిజం? ఇతరులను ప్రశ్నించే అర్హత నాకు లేదు. ఆ మాటను అబద్ధంగా పలికినవారిలో నేనూ ఒకణ్ణి. అది కూడా కన్నకూతురితో.

రెండేళ్ళ క్రితం, చదువు కోసం ఇల్లు విడిచి వెళ్ళిన మా అమ్మాయి ఒక సాయంకాలం నాకొక ఆల్బమ్ పంపింది. జాన్ కోల్ట్రేన్ అనే శాక్సఫోన్ విద్వాంసుని 'ఎ లవ్ సుప్రీమ్'. "నాన్నా, ఇది విను. నీకు నచ్చుతుందనిపించింది" అన్నది సందేశం. నేను ఆఫీసు పనిలో ఉన్నాను. "చాలా బాగుందమ్మా" అని వెంటనే బదులు పంపాను. కొంతసేపటికి ఆమె నుండి ఒకే వాక్యం వచ్చింది: "నాన్నా, అది 33 నిమిషాల ఆల్బమ్. నేను పంపి మూడు నిమిషాలయింది."

అందులో కోపం లేదు. నేను నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపి మాట దాటవేశాను. అంతకుముందు వారానికొక పాటైనా పంపే పిల్ల, ఆ తరువాత నాలుగు నెలలు ఏ పాటా పంపలేదు. ఫోను చేసినప్పుడు బాగానే మాట్లాడేది. పాటల ఊసు మాత్రం ఎత్తేది కాదు. నేను చేసినది తప్పని నాకు తెలియడానికి ఆ నాలుగు నెలలు పట్టింది.

మొదట నాకు నేను చెప్పుకొన్న సమాధానం ఇది: అది అబద్ధం కాదు, మర్యాద. విందుకు పిలిచిన ఇల్లాలితో పాయసం బాగుందని అనమా? కాని ఆలోచించగా ఆ పోలిక నిలవలేదు. పాయసం బాగుందన్నవాడు కనీసం దానిని తిని ఉంటాడు. రుచి విషయంలో కొంత పెంచి చెప్పి ఉండవచ్చు గాని, తినడమన్న పని చేశాడు. నేను గిన్నె మూత తీయకుండానే మెచ్చుకొన్నాను. పైగా పాట పంపినవారు కోరేది మెప్పును కాదు. ఆ పాటను వారు పాడలేదు, వ్రాయలేదు. మెచ్చుకొంటే వారికి చేరేదేమున్నది? తాము ఒంటరిగా నిలిచి చూచిన చోట మరొకరు వచ్చి కొంతసేపు పక్కన నిలవాలని మాత్రమే వారు కోరుతారు. వినకుండా బాగుందనడమంటే, వచ్చి నిలిచానని చెప్పి రాకపోవడం.

అప్పుడు నాకు విజయవాడలో మా మావయ్య గుర్తుకు వచ్చాడు. నేను 1988లో అమెరికాకు బయలుదేరే ముందు ఆయన నాకొక తొంభై నిమిషాల క్యాసెట్టు ఇచ్చాడు. ఒక వైపు బాలమురళీకృష్ణ గారి భద్రాచల రామదాసు కీర్తనలు, రెండవ వైపు ఆకాశవాణిలో ప్రసారమైన ఓలేటి వెంకటేశ్వర్లు గారి గానం. ఆ రోజులలో నకలు తీయడమంటే ఏమిటో ఈ తరానికి చెప్పాలి. తీగలతో కలిపే పరికరాలేవీ ఆయన దగ్గర లేవు. గ్రామఫోను ముందు టూ ఇన్ వన్ పెట్టి, కిటికీలు మూసి, పంకా ఆపి, రికార్డు పూర్తయ్యే వరకు కదలకుండా కూర్చోవలసిందే. ముప్పావుగంట సంగీతాన్ని ఇవ్వడానికి ముప్పావుగంట కాలం ఇవ్వాలి. తాను మొదటి నుండి చివరి వరకు మరొకసారి వినకుండా ఆ పాటను ఎవరికీ ఇవ్వలేడు. ఆ క్యాసెట్టులో ఒక కీర్తన నడుమ, వంటింట్లో నుండి మా అత్తయ్య ఆయనను పిలిచిన పిలుపు కూడా వినబడుతుంది. ఆయన బదులు పలకలేదు.

ఇప్పుడు ఒక ఆల్బమును పంపడానికి ఒక్క క్షణం చాలు. ఇది చెడ్డదని నేననను. సముద్రాల ఆవల ఉన్న మనకు ఈ సౌకర్యం చేసిన మేలు ఇంతింత కాదు. అయితే ఒకనాడు యంత్రం పరిమితి వలన తప్పనిసరిగా జరిగిన పనిని ఈనాడు మన వివేకంతో మనమే చేయవలసి వచ్చింది. ఆ రోజులలో వినకుండా పంచడం సాధ్యం కాదు. ఈ రోజులలో వినకుండా పంచవచ్చు, వినకుండా పుచ్చుకోవచ్చు, వినకుండా మెచ్చుకోవచ్చు కూడా.

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి, గురుకులం విడిచి వెళ్ళే శిష్యునికి దానం ఎట్లా చేయాలో చెబుతుంది. అక్కడ పేర్కొన్న గుణాలలో శ్రద్ధ, సిగ్గు, భయం, ఎరుక ఉన్నాయి. ఇవి ధనధాన్యాల దానానికే పరిమితమని నేననుకోను. పాటను పంచుకోవడానికీ ఇవి చక్కగా సరిపోతాయి.

శ్రద్ధ అంటే తాను పూర్తిగా విని ఇవ్వడం. ఇక సిగ్గు. "ఇంత గొప్ప సంగీతం వినేవాణ్ణి నేను" అని చాటుకోవడానికి పాటను ఆభరణంగా ధరించకపోవడమే ఇక్కడ సిగ్గు. రోజుకు ఇరవై లింకులు పంపేవారిని చూస్తే, వారు ఇస్తున్నది సంగీతమా, తమ అభిరుచి ప్రదర్శనా అన్న అనుమానం కలుగుతుంది. భయం అంటే అవతలివారి కాలాన్ని అడుగుతున్నామన్న స్పృహ. మనిషికి ఉన్న సంపదలలో తిరిగి రానిది కాలమొక్కటే. ఎరుక అంటే ఎవరికి, ఎప్పుడు, ఏది తగునో తెలిసి ఉండడం. తల్లిని పోగొట్టుకొన్న మిత్రునికి ఆ వారమే హుషారైన పాటల ఆల్బమ్ పంపితే, ఆ పాటలు ఎంత గొప్పవైనా అది దానం కాదు.

ఇవి ఇచ్చేవాని ధర్మాలు. మరి పుచ్చుకొనేవాని ధర్మమేమిటి? పంపినదంతా వినితీరాలా? అది సాధ్యం కాదు, న్యాయమూ కాదు. అడగని దానం ఋణం కాజాలదు. రుచులు వేరు, తీరికలు వేరు. పుచ్చుకొనేవాడు ఇవ్వవలసినది ఒక్కటే, నిజం. "ఇంకా వినలేదు" అనడంలో అమర్యాద ఏమీ లేదు. "ఈ నెలలో వినలేను" అనడంలోనూ లేదు. విని "నాకు నచ్చలేదు" అనడమైతే, వినకుండా "అద్భుతం" అనడం కంటే ఎన్నో రెట్లు పెద్ద గౌరవం.

ఇది కూడా మా మావయ్య దగ్గర చూచినదే. కాలేజీ రోజులలో నేను 'సాగరసంగమం' పాటల క్యాసెట్టు పట్టుకొని ఆయన ఇంటికి వెళ్ళాను. శాస్త్రీయ సంగీతం తప్ప మరొకటి వినని మనిషి. వద్దంటాడనుకొన్నాను. పడక్కుర్చీలో కూర్చొని రెండు వైపులా విన్నాడు. చివరకు, "ఏరా, ఇవి నేను మళ్ళీ మళ్ళీ వినేవి కావు. కాని ఒక పాటలో వయొలిన్లు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయి వేణువు వచ్చింది చూడు, అది మాత్రం మళ్ళీ పెట్టు" అన్నాడు. ఆయనకు నచ్చలేదన్న బాధ నాకు ఈనాటికీ లేదు. పందొమ్మిదేళ్ళ కుర్రవాడు తెచ్చిన క్యాసెట్టు కోసం ఆ పెద్దమనిషి కూర్చున్నాడన్న సంగతే నాకు మిగిలింది.

మన అలంకారికులు రసాన్ని గురించి చెప్పేటప్పుడు సహృదయుడు అన్న మాట వాడారు. కవి హృదయానికి సమానమైన హృదయం కలవాడని దాని భావం. నాట్యశాస్త్రం కూడా ప్రయోక్తల లక్షణాలతో తృప్తిపడక, ప్రేక్షకునికి ఏ గుణాలు ఉండాలో విడిగా చెప్పింది. అంటే మన పూర్వులు వినడాన్ని ఒక పనిగా, అర్హత కావలసిన పనిగా భావించారు.

నిజానికి మనం సంప్రదాయమని గౌరవంగా పిలిచేదంతా ఒకరు "ఇది విను" అనడం, మరొకరు నిజంగా వినడం, అంతే. త్యాగరాజస్వామి (1767-1847) నుండి మానంబుచావడి వేంకటసుబ్బయ్య గారికి, వారి నుండి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారికి, వారి నుండి పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారికి, వారి నుండి బాలమురళీకృష్ణ గారికి ఆ గానం చేరింది. వారిలో ఏ ఒక్కరు వినకుండానే విన్నానని ఉంటే మా మావయ్య క్యాసెట్టులోని ఆ గొంతు మరొక విధంగా ఉండేది. అన్నమాచార్యుల (1408-1503) కథ దీనికి రెండవ వైపు. ఆయన సంకీర్తనలు తిరుమల ఆలయంలోని భాండారంలో రాగిరేకులపై భద్రంగానే ఉండేవి. రాగాల పేర్లూ ఉన్నాయి. కాని పాడే గొంతు నుండి వినే చెవికి అందే వరుస నడుమ తెగిపోయింది. ఆనాటి వరుసలు చాలావరకు మనకు దక్కలేదు. 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు వాటిని పరిష్కరించి, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు స్వరపరచిన తరువాతనే అవి మళ్ళీ మన ఇళ్ళకు వచ్చాయి. దాచినంత మాత్రాన పాట బ్రతకదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. మన ఫోన్లలో "తరువాత విందాం" అని దాచుకొన్న ఆల్బములు కూడా ఒక విధమైన రాగిరేకులే.

నాలుగు నెలల తరువాత థాంక్స్ గివింగ్ సెలవులకు మా అమ్మాయి ఇంటికి వచ్చింది. స్టేషను నుండి కారులో తీసుకొని వస్తూ, "నువ్వు పంపింది నేను వినలేదమ్మా. విన్నానని అబద్ధమాడాను. ఇప్పుడు పెడతావా?" అని అడిగాను. కాసేపు కిటికీలో నుండి బయటికి చూచి, పెట్టింది. ఇంటికి చేరినా కారు దిగకుండా చివరి వరకు విన్నాము.

ఆ ఆల్బమ్ గురించి ఆమె చెప్పిన సంగతులు నన్ను ఆశ్చర్యపరచాయి. 1964 డిసెంబరు 9న మన న్యూజెర్సీలోనే, ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లోని స్టూడియోలో దానిని రికార్డు చేశారట. ఆ దారిన నేను ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. 1957లో తనకు కలిగిన ఆధ్యాత్మిక జాగృతికి కృతజ్ఞతగా కోల్ట్రేన్ దానిని భగవంతునికి సమర్పించాడట. మొదటి భాగంలో బాస్ వాద్యంపై నాలుగు స్వరాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. చివరకు వాద్యాల నడుమ మనుష్య కంఠం ఆల్బమ్ పేరునే నామజపం వలె పలుకుతుంది. ఆ పేరును తెలుగులో చెప్పుకొంటే 'పరమప్రేమ'. నారద భక్తిసూత్రాలు భక్తిని నిర్వచించడానికి వాడిన మాట కూడా అదే. నాకు నచ్చుతుందని ఆ పిల్లకు ఎందుకనిపించిందో అప్పుడు తెలిసింది. ఆమె ఎరుకతో ఇచ్చింది. నేను అశ్రద్ధతో పుచ్చుకొన్నాను.

రెండవ, మూడవ భాగాలు నాకు అంతుపట్టలేదు. ఆ డ్రమ్ముల వేగంలో దారి తప్పాను. ఆ మాటే చెప్పాను. నాలుగవ భాగంలో కోల్ట్రేన్ తాను వ్రాసిన ప్రార్థనను నోటితో గాక శాక్సఫోన్‌తో మాట వెంట మాటగా చదువుతాడని ఆమె వివరించింది. మన ఊళ్ళో పద్యం చదివేవారు పాదం చివర గొంతు నిలిపినట్టున్నది అన్నాను. "అర్థం కాలేదని చెప్పావు చూడు, అది బాగుంది నాన్నా" అని నవ్వింది.

ఆ రాత్రి తనే అడిగి మా మావయ్య క్యాసెట్టు పెట్టించుకొన్నది. మొదటి పది నిమిషాలు తనకు సాగదీసినట్టు అనిపించిందని నిర్మొహమాటంగా చెప్పింది. తరువాత ఒక చోట చేయెత్తి ఆపమని, "ఎవరో పిలుస్తున్నారు, ఎవరది?" అని అడిగింది. నేను ఆ క్యాసెట్టును ఎందరికో వినిపించాను. ఎంతో బాగుందని అందరూ అన్నారు. ఆ పిలుపును గురించి అడిగినవారు మాత్రం ఇంతవరకు లేరు. మా అత్తయ్య గురించి ఆ రాత్రి చాలాసేపు చెప్పుకొన్నాము.

వచ్చే ఆదివారం భోజనశాలలో ఎవరైనా నాకొక ఆల్బమ్ పేరు చెబితే వ్రాసుకొంటాను. వినకపోతే వినలేదనే చెబుతాను. దయచేసి మీరు కూడా నాతో అట్లాగే చెప్పండి.