ఉసిరి చెట్టు కింద ఒకే బంతి

కార్తికం వస్తే వనభోజనాలు మొదలవుతాయి. ఉసిరి చెట్టు కింద పూజ చేసి, అక్కడే అందరూ కలిసి తినడం ఆచారం. వికారాబాద్ పక్కన అనంతగిరి పద్మనాభస్వామి పెద్ద జాతర కూడా ఈ నెలలోనే. దౌల్తాబాద్, తాండూరు వైపు వారికి చెట్ల నీడకైనా దైవదర్శనానికైనా ఆ గుట్టలు అందుబాటులోనే ఉన్నాయి. అయితే కొన్నేళ్లుగా తెలుగునాట వనభోజనాల పిలుపుల్లో ఊరి పేరు వెనక్కి పోయి, కులసంఘం పేరు ముందుకొస్తోంది. గోడలు లేని అడవికి వెళ్లి, అక్కడా కులానికో చెట్టు పంచుకుంటే ఆ భోజనానికి పుణ్యం ఎక్కడిది? రకరకాల కుటుంబాలు కలిసి కూర్చోకుండా చేసే వనభోజనం ఆచారంగా మిగులుతుందేమో గాని, ధర్మం అనిపించుకోదు.

ఈ మాట కొత్తది కాదు. 12వ శతాబ్దపు పల్నాడులో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ పక్కపక్కన కూర్చోబెట్టి పెట్టిన చాపకూడు వైష్ణవ భక్తితో ముడిపడినదే. అదే శతాబ్దంలో, ఇప్పటి కర్ణాటకలోని కల్యాణంలో, బసవేశ్వరుడి శరణులు కులభేదాన్ని కాదన్నదీ శివభక్తితోనే. ఇక పీర్ల పండుగ చూడండి. తెలంగాణ పల్లెల్లో పీర్లను హిందువులూ ఎత్తుకుంటారు, గుండం చుట్టూ ఆడతారు, మలీదా పంచుకుంటారు. దానికోసం ఎవరూ మతం మారలేదు, ఎవరి నమ్మకాన్నీ ఎవరూ వాదించి గెలవలేదు. నమ్మకాలు కలవకపోయినా చేతికి ఒక పని, నోటికి ఒక ముద్ద ఉంటే మనుషులు కలుస్తారని ఆ ఊళ్లు చూపిస్తూనే ఉన్నాయి.

కులసంఘాలు పేద విద్యార్థులకు సాయపడతాయి, పెళ్లి సంబంధాలు కుదురుస్తాయి, తప్పేమిటని కొందరు అడుగుతారు. ఆ సమావేశం ఏ ఆదివారమైనా పెట్టుకోవచ్చు. దానికి దేవుడి పేరు పెట్టి పక్కింటివారిని దూరంగా ఉంచడమే తప్పు. తిండి అలవాట్లు వేరు కదా అంటారు ఇంకొందరు. గిన్నెలు వేరైతే నష్టం లేదు, బంతులు వేరైతేనే నష్టం. ఉపవాసమున్నవారికి పండ్లు, కావలసినవారికి వారి కూర, అందరికీ జొన్నరొట్టె, తాండూరు కందిపప్పు ఒకే బంతిలో వడ్డించవచ్చు. అన్నిటికన్నా బరువైన అభ్యంతరం అంబేడ్కర్‌ది. సహపంక్తి భోజనాలతో కులం చావలేదని 1936లో 'కుల నిర్మూలన'లో ఆయన తేల్చి చెప్పారు. అది నిజం. అందుకే బంతిలో ఎవరు కూర్చున్నారో చూస్తే చాలదు, గరిటె ఎవరి చేతిలో ఉందో చూడాలి. ఎప్పుడూ ఒకరే వడ్డిస్తూ, ఎప్పుడూ ఇంకొకరే విస్తళ్లు ఎత్తుతుంటే అది అన్నదానమే గాని సహభోజనం కాదు. వండటం, వడ్డించడం, ఎత్తడం వంతులవారీగా చేతులు మారినప్పుడే ఆ పూట కలిసిన మనుషులు మర్నాడు ఊళ్లోనూ కలుస్తారు. కులం పోవడానికి ఇది చాలదు, కానీ ఇది కూడా చేయలేనివారు అంతకు మించినది చేస్తారని నమ్మలేం.

వనభోజనం తలపెట్టిన పెద్దలకు ఒక మనవి. ఇంతవరకు పిలవని ఇంటికి ఈసారి ముందుగా వెళ్లండి. రమ్మని పిలవడంతో ఆగకుండా, ఏం వండుదామో వారినే అడగండి.