గాయమునుండి కారిన సువాసన

ధ్యానభాగము: 2 కొరింథీయులకు 1:3-7



ఫిలిప్పైను దీవులలో బికోల్ అను ప్రాంతము కలదు. అచ్చట మేయోన్ అగ్నిపర్వతము చుట్టుపట్ల పిలి అను చెట్లు పెరుగును. వేళ్లు బలమైనవి గనుక గాలివానలకు ఓర్చుకొనును. కాయ పండినప్పుడు నల్లబడును. పై గుజ్జును వేడినీళ్లలో వేసి మెత్తబరచి తిందురు. టెంక రాయివంటిది, కత్తితో కొట్టి పగులగొట్టవలెను. లోపలి పప్పు కమ్మగానుండును. దానికి చక్కెర పాకము పట్టి అమ్ముదురు.

పిలికి దగ్గర బంధువైన మరియొక చెట్టునుండి ఎలిమి అను సువాసనగల బంక వచ్చును. జ్ఞానులు తెచ్చిన సాంబ్రాణి, బోళము ఇచ్చు చెట్లును, మన కొండలమీది అందుగు చెట్టును ఆ కుటుంబములోనివే. (మనము గుడిలో ధూపము వేయము గాని, ఆ వాసన ఎరుగనివారు లేరు.) బెరడు గీయగా తెల్లని బంక మెల్లగా కారును. అది అత్తరులకును వార్నీషులకును పనికివచ్చును. అయితే చెట్టు దానిని మనకొరకు కార్చుటలేదు. గాయము మూసికొనుటకును, పురుగు చొరకుండుటకును కార్చుచున్నది. గీయువాడు మితముగా గీసి, బెరడు మరల కూడుకొనుటకు వ్యవధి ఇయ్యవలెను. లేనియెడల చెట్టు నీరసించును.

ఇది తెలిసికొన్నప్పుడు నా తప్పు నాకు కనబడెను.

మా సంఘములో ఒక తల్లి ఎదిగిన కుమారుని పోగొట్టుకొనెను. కొన్ని నెలలకు ఉపవాస కూడికలో లేచి, దేవుడు తన్ను ఆదరించిన విధము చెప్పెను. అనేకులు ఏడ్చిరి. ఏండ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములిద్దరు ఆ రాత్రి కలిసి ఇంటికి పోయిరి. పౌలు వ్రాసిన ఆదరణ ఇదే గదా అని నేను సంతోషించితిని. అటుపిమ్మట ప్రతి కూడికలోను, పొరుగు గ్రామముల పండుగలలోను ఆమెనే లేపితిని.

ఒక సాయంకాలము ఆమె మా వాకిట నిలిచి, "అయ్యగారూ, చెప్పిన ప్రతిసారీ నా బిడ్డను మళ్లీ గోతిలో పెట్టినట్టుంటది. కొన్నాళ్లు నన్ను లేపకండి" అనెను. నాకు జవాబు తోచలేదు.

ఆదరణ పొందినవారు ఇతరులను ఆదరింపగలరని అపొస్తలుడు వ్రాసెను గాని, ఒకరి గాయమును మనము మాటిమాటికి తెరువవచ్చునని వ్రాయలేదు. మార్కు 6వ అధ్యాయములో శిష్యులు తిరిగి వచ్చి తాము చేసినదంతయు చెప్పినప్పుడు, ఇంకను చెప్పుడని ప్రభువు వారిని నిలువబెట్టలేదు. జనులకు దూరముగా తీసికొనిపోయి, వారికి విశ్రాంతి కలుగజేయ గోరెను. ఈ వచనము నేను ఎన్నిమారులు ప్రసంగించితినో!

మరుసటి ఆదివారము ఆమె వెనుక గోడ ప్రక్కను చాపమీద కూర్చుండెను. సాక్ష్యముల వేళ కొందరు నా వైపును, ఆమె వైపును చూచిరి. నేను కీర్తన ఎత్తించితిని.