గుప్తదానమూ చిత్రగుప్తుడూ

భారతీయ ధర్మచింతన గుప్తదానాన్ని, అంటే దాత తన పేరు బయటికి తెలియనీయకుండా ఇచ్చే దానాన్ని, ఉత్తమమైనదిగా ఎంచింది. జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడిలోనో ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానంలోనో హుండీలో మడిచి వేసిన నోటు మీద వేసినవారి పేరుండదు, దాన్ని చూపి ఏదైనా అడిగే వీలూ ఉండదు. 2018లో వచ్చిన ఎన్నికల బాండు, అంటే బ్యాంకులో కొని పార్టీకి అందించే పత్రం, ఈ గోప్యతనే అరువు తెచ్చుకుంది.

హైదరాబాదుకు చెందిన అరబిందో ఫార్మా డైరెక్టరు శరత్‌చంద్రారెడ్డిని ఢిల్లీ మద్యం విధానం కేసులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ 2022 నవంబరు 10న అరెస్టు చేయగా, ఆ కంపెనీ నవంబరు 15న 5 కోట్ల రూపాయల బాండ్లు కొన్నదనీ, అవి భారతీయ జనతా పార్టీకి చేరాయనీ 2024లో వెల్లడైన వివరాలు చెబుతున్నాయి. 2023 జూన్‌లో ఆయన అప్రూవరుగా, అంటే క్షమాభిక్ష పొంది సాక్ష్యమిచ్చే నిందితుడిగా, మారారు. ఈ ఘటనల మధ్య కార్యకారణ సంబంధం రుజువు కాలేదు.

భగవద్గీత 17వ అధ్యాయం ప్రత్యుపకారం ఆశించని దానాన్ని సాత్త్వికమనీ, ప్రతిఫలాపేక్షతో ఇచ్చేదాన్ని రాజసమనీ విభజించింది గనుక, దానానికి గీటురాయి గోప్యత కాదు, సంకల్పం. పుచ్చుకునేవారికి తెలిసి, ప్రజలకు మాత్రమే తెలియని దానం గుప్తదానం ఎలా అవుతుంది? పేరు లేని ఆ బాండు మీద సైతం మామూలు కంటికి కనిపించని సంఖ్య ఒకటి అతినీలలోహిత కాంతిలో మెరిసేది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్ల పథకాన్ని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. మనుషుల పాపపుణ్యాల లెక్క రాసే చిత్రగుప్తుడి చిట్టాలో ఉండేది సంకల్పం, న్యాయస్థానం చూసేది సాక్ష్యం. మొదటిదాన్ని మనిషి చదవలేడు గనుకనే రెండోది అందరూ చదవగలిగేలా ఉండాలి.