అద్దె పుచ్చుకొన్నవాని ఋణము

ఇల్లు ఒకనిది, అందు కాపురము వేరొకనిది. లోకములో ఈ యేర్పాటు నూతనమైనది కాదు. ఒకనికి రెండు గదులు అధికముగా నున్నవి, వేరొకనికి తల దాచుకొను చోటు లేదు. నెలకింత యని మాట యనుకొని, తాళపుచెవి చేతికిచ్చుటతో వ్యవహారము ముగిసినదని పెక్కురు తలంతురు. ముగిసినది బేరము మాత్రమే. ఆ యింట త్రాగుటకు నీరు లేక, మరుగుదొడ్డి లేక, వాన కురిసినపుడు కప్పు ఆగక యున్నచో, నెలనెలయు పుచ్చుకొనుచున్న అద్దె దేనికి మూల్యము? ఈ ప్రశ్నకు న్యాయస్థానము చెప్పు సమాధానము కొంతవరకు వచ్చి ఆగును. ఆ పైని మిగిలినది ధర్మవిచారము.

కాట్రేనికోన వంటి యూరిని తీసికొని చూచినచో విషయము స్పష్టపడును. గౌతమీ పాయ సముద్రమును చేరుచోటికి అది యెంతో దూరము కాదు. 1985లో మండలవ్యవస్థ వచ్చిన నాటినుండి మండల కేంద్రమైనందున ఉపాధ్యాయులు, ఆరోగ్యకేంద్రపు సిబ్బంది, కార్యాలయపు గుమాస్తాలు బదిలీలపై వచ్చుచు పోవుచుందురు. వారికి దొరకునవి ప్రత్యేకముగా అద్దెకై కట్టిన యిండ్లు తక్కువ. పాత మండువా లోగిలిలో ఒక వైపు భాగమో, పెంకుటింటి వెనుక దింపిన వసారాయో దొరకును. సముద్రము దాపున ఉన్న నేల గనుక నూతినీరు పలుచోట్ల ఉప్పన. మంచినీటి కుళాయి యున్నచో అది యజమాని వాకిట నుండును. వెనుక భాగమున నున్న యిల్లాలు ప్రతిదినము బిందె పట్టుకొని, ముందువారు తలుపు తీసినారో లేదో చూచుకొని, “అమ్మగారూ, రెండు బిందెలు పట్టుకొందునాండీ?” యని అడుగవలెను. ఆ యింటి యజమానురాలు కఠినురాలు కాకపోవచ్చును. పట్టుకొమ్మనియే యనును. ఐనను ముప్పది దినములును అడుగుట అడుగుటయే. అద్దె చెల్లించువాడు యాచకుడు కాడు.

లింగధారులైన కుటుంబమునకు ఈ యిబ్బంది మరియొక రూపమున వచ్చును. స్నానము చేయనిది ఇష్టలింగపూజ లేదు. స్నానమునకు మరుగు, శుచియైన నీరు, పూజకు కూర్చుండుటకు తడి యూరని నేల కావలెను. ఈ మూడును సమకూడని యింట ఆచారము నిలుపుకొను గృహిణి తెల్లవారకముందే లేచి, ఇతరులు లేవకమునుపు పనులు ముగించుకొనును. ఆడవారి యీ కష్టము మగవారి ధర్మచర్చలలోనికి అంతగా రాదు.

చట్టము విషయము చూతము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 108వ సెక్షను యీ విషయమునకు మూలము. ఒప్పందముగాని స్థానికాచారముగాని వేరుగా లేనపుడు అది వర్తించును. యజమానికి తెలిసియుండి, అద్దెకు వచ్చువాడు సాధారణమైన జాగ్రత్తతో కనుగొనజాలని లోపము ఇంటిలో నున్నచో దానిని ముందుగా చెప్పవలెనని అందున్నది. యజమాని చేయవలసియున్న మరమ్మతును, తెలియజేసిన పిమ్మట సమంజసమైన కాలములో అతడు చేయనిచో, అద్దెకున్నవాడు తానే చేయించి, ఆ వ్యయమును వడ్డీతో అద్దెనుండి తగ్గించుకొనవచ్చును. వినుటకు ఇది గొప్ప హక్కువలెనే యున్నది. కాని యొక మెలిక గలదు. “యజమాని చేయవలసియున్న” మరమ్మతు ఏది? ఒప్పందములో వ్రాయనిది యతడు చేయవలసియున్నదని చట్టము తనంతట తాను చెప్పదు. నివాసయోగ్యత అద్దెలోనే యిమిడియున్నదన్న మాట ఆ చట్టములో లేదు. 1970లో అమెరికా దేశపు వాషింగ్టను నగరములోని అప్పీలు న్యాయస్థానము జావిన్సు వ్యాజ్యములో ఆ మాట చెప్పినది. ఇంగ్లండులో 2018లో చేసిన శాసనము 2019 మార్చి 20 నుండి అమలునకు వచ్చి, మనుష్యవాసమునకు తగిన స్థితిలో ఇంటిని ఉంచుట యజమాని విధి యనినది. మన పల్లెలలో వాడుక యింకను, “చూచుకొనియే చేరితిరి గదండీ” యన్నదే.

అదే సెక్షనులో కోనసీమవారు మరువరాని మాట యొకటి గలదు. అగ్నివలనగాని, తుపానువలనగాని, వరదవలనగాని ఇల్లు గణనీయముగాను శాశ్వతముగాను పనికిరానిదైనచో, అద్దెకున్నవాడు కోరినయెడల కౌలు రద్దగును. 1996 నవంబరు 6 నాటి తుపానులో వేయిమందికి పైగా ప్రాణములు పోయినవి. కాట్రేనికోన మండలములోని బలుసుతిప్ప మిక్కిలి దెబ్బతిన్న గ్రామములలో నొకటి. కప్పెగిరిపోయిన యింటికి అద్దె యడుగువాడును, కూలిన గోడలనడుమ నుండలేక పోయినవానిని బాకీదారనువాడును న్యాయమునకు వెలియే.

1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనముల అద్దె నియంత్రణ చట్టము, తగిన కారణము లేకయే అద్దెకున్నవాడనుభవించుచున్న సౌకర్యములను యజమాని తీసివేయరాదని చెప్పినది. కాని అది హైదరాబాదు, సికింద్రాబాదు నగరములకును, పురపాలక సంఘములకును ఉద్దేశింపబడినది. ప్రభుత్వము ప్రకటించిననే తప్ప పంచాయతీ గ్రామములకు రాదు. అమలాపురములో పలికిన చట్టము కాట్రేనికోనలో మౌనము వహించెనన్నమాట. 2017లో నివాస, నివాసేతర గృహముల అద్దెపై రాష్ట్రములో నూతన చట్టము చేయబడినది. వ్రాతపూర్వకమైన ఒప్పందము అందు ప్రధానము. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గ మామోదించిన నమూనా చట్టము మరికొంత వివరముగా నున్నది. గోడల వెల్ల, నీటి గొట్టములు, విద్యుత్తు తీగెలు యజమాని బాధ్యత. కుళాయి బిరడాలు, మురుగుకాలువ శుభ్రము, స్విచ్చులు అద్దెకున్నవాని బాధ్యత. యజమాని చేయనిచో తాను చేయించి తగ్గించుకొనవచ్చును గాని, ఏ నెలలోను అద్దెలో సగమునకు మించరాదు. బాగుచేయించుమని వ్రాసి యడిగినను చేయింపక ఇల్లు వాసయోగ్యము కాకపోయినచో, పదునైదు దినముల నోటీసుతో ఖాళీ చేయవచ్చును. రాష్ట్రములు స్వీకరించిననే అది శాసనమగును.

విద్యుత్తు విషయములో మాత్రము పల్లెకును పట్టణమునకును భేదము లేదు. 2003 నాటి విద్యుత్ చట్టము యజమానికే గాక ఇంటిలో నున్నవానికిని దరఖాస్తు చేయు హక్కు నిచ్చినది. 2022 మే నెలలో సుప్రీంకోర్టు దిలీప్–సతీశ్ వ్యాజ్యములో, యజమాని నిరాక్షేపణ పత్రము ఈయలేదను కారణముచే అద్దెకున్నవానికి విద్యుత్తు నిరాకరింపరాదనియు, దరఖాస్తుదారు ఆ యింట నున్నాడా లేదా యని చూచిన చాలుననియు తీర్పు చెప్పినది.

ఇక “చూచుకొనియే చేరితిరి గదండీ” యను వాదమును పరీక్షింపవలెను. ఇందు కొంత సత్యము లేకపోలేదు. పది యిండ్లు చూచి, అద్దె తక్కువని తెలిసియే పాత యింట చేరి, మరునాటినుండి యజమానిని వేధించువారును గలరు. కాని ఊరిలో అద్దెకు దొరకునది రెండే యిండ్లై, పాఠశాలలు తెరచుటకు నాలుగు దినములే యున్నపుడు, చిన్నపిల్లలతో వచ్చినవాడు తల యూపుట అంగీకారమా, గత్యంతరము లేకపోవుటయా? అవసరములో నున్నవాని మౌనమును సమ్మతిగా వ్రాసికొనుట లేఖకునికి చెల్లునేమో గాని శరణునికి చెల్లదు.

ఆయ్దక్కి లక్కమ్మ కథ వీరశైవ గృహములలో విననివారుండరు. ఆమె భర్త మారయ్య కళ్యాణములో బసవేశ్వరుని మహామనె యెదుట రాలిన బియ్యపు గింజలేరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడతడు మామూలుకన్న హెచ్చుగా తెచ్చినపుడు ఆమె సంతోషింపలేదు. ఆనాటికి కావలసినదానికి మించి తెచ్చినావు, ఆ మిగులును తిరిగి పోసిరమ్మని పంపివేసినది. ఆ బియ్యమును అతడు దొంగిలింపలేదు, నేలపైనుండి ఏరినదే. ఐనను తన కాయకమునకు మించినది తనది కాదనుటయే లక్కమ్మ లెక్క. ఈ లెక్కను అద్దెకు పెట్టి చూచినచో పెక్కురు యజమానులకు నిద్ర పట్టదు. కట్టిన గోడలకు, ఇచ్చిన నీడకు వచ్చునది న్యాయమైన ఆదాయమే. లేని కుళాయికి, లేని మరుగుదొడ్డికి కూడ పూర్తి యింటి వెల పుచ్చుకొన్నచో ఆ భాగము మారయ్య తెచ్చిన మిగులు బియ్యము వంటిదే.

యజమానులందరును ధనికులు కారు. భర్త పోయి, వెనుక వసారా అద్దెతో మందులు కొనుక్కొను ముసలమ్మకు మరుగుదొడ్డి కట్టింపుమని ఆజ్ఞ వేయుట సులభము, కట్టించుట కష్టము. అట్టిచోట అద్దెకున్నవాడే ముందుగా వ్యయము పెట్టి, కాగితముపై వ్రాసికొని, నెలనెలయు కొంత తగ్గించుకొనుట ఉభయులకును మేలు. అద్దె మొత్తమును ఆపివేసి పంతము పట్టుట మాత్రము అవివేకము. బాకీ యన్న కారణము చేతికి వచ్చినచో ఖాళీ చేయించుట యజమానికి సులభమగును.

గదులు అద్దెకిచ్చు మఠములకును ఈ విచారము వర్తించును. భక్తులు కట్టించిన వసతి గనుక లోపములెన్నరాదను భావము కొన్నిచోట్ల గలదు. మఠమునకు అద్దె చెల్లించు పేదవాడు ఫిర్యాదు చేయుటకు రెండింతలు జంకును, ఎదుట నున్నది యజమాని మాత్రమే గాక గురుపీఠము కూడ. దేహమే దేవాలయమని బోధించిన బసవేశ్వరుని పేర నడచుచోట, ఆ దేవాలయములు స్నానమునకు వరుస కట్టి నిలుచుట చూచి ఊరకుండుట యెట్లు? ఉత్సవపు పందిటి వ్యయములో కొంత తగ్గించి గొట్టములు వేయించిన మఠాధిపతిని భక్తు లెవ్వరును తప్పుపట్టరు.

వ్రాతలేని నెలసరి అద్దెకు పదునైదు దినముల నోటీసు చాలునన్నది పాత చట్టమే. కప్పు కారుచున్నదని చెప్పిన మరునాడు “మా అబ్బాయి వచ్చుచున్నాడండీ, ఇల్లు కావలెను” అను మాట వినవలసి వచ్చునను భయముచే, వానాకాలమంతయు గిన్నెలు పెట్టుకొని కాలము గడపు కుటుంబములు గలవు. వారు నోరు విప్పరు. కనుక ఆషాఢము రాకమునుపే ఇంటివారు తామే నిచ్చెన వేసికొని, వెనుక వసారాపై పగిలిన పెంకులెన్ని యున్నవో చూచుకొనవలసియున్నది.